గడువు తేదీ లేని పనులే ఎప్పుడూ వెనకబడుతున్నాయి: పద్దుల విభాగంలో ప్రాధాన్యం ఎలా నిర్ణయించుకోవాలి?

ప్రశ్న: పెరంబూరు పద్దులు

చెన్నై అంబత్తూరు పారిశ్రామిక వాడలో యంత్ర భాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థలో పద్దుల విభాగం బాధ్యత నాది. నాతోపాటు ఇద్దరు సహాయకులు ఉన్నారు. ఒకరు కొనుగోలు బిల్లులు చూస్తారు, మరొకరు అమ్మకాలు, బ్యాంకు పనులు చూస్తారు. జీతాలు, పన్నులు, ఆడిటరుతో వ్యవహారం, యాజమాన్యానికి ఇవ్వవలసిన నివేదికలు నా మీద ఉంటాయి.

మా నెల అంతా తేదీల మీదే నడుస్తుంది. 7వ తేదీలోపు టీడీఎస్ (చెల్లింపుల్లోంచి మేము ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కట్టాలి, 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) దాఖలు చేయాలి, 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ చెల్లించాలి, 20లోపు జీఎస్టీఆర్-3బీ (నెల పన్ను లెక్కకట్టి చెల్లించే రిటర్ను) పూర్తిచేయాలి. ఈ తేదీలు మాకు తప్పడం లేదు. నా బాధ వేరు. సరఫరాదారుల ఖాతాలను మన ఖాతాలతో సరిచూడటం, పాత బాకీల వసూలుకు వెంటపడటం, ఒక సహాయకుడి పని మరొకరికి నేర్పించడం, స్థిరాస్తుల రిజిస్టరును సరిచేయడం వంటివి ఈ తేదీల మధ్య మిగిలే రోజుల్లో చేయవలసిన పనులు. ఎవరూ అడగరు కాబట్టి అవి ప్రతినెలా వచ్చే నెలకు జరిగిపోతున్నాయి. ఆడిట్ మొదలయ్యాక అవన్నీ ఒకేసారి మీద పడతాయి, అప్పుడు రాత్రి తొమ్మిది దాటినా ఆఫీసులోనే ఉండవలసి వస్తుంది.

మిగిలిన రోజులైనా మన చేతిలో ఉంటాయా అంటే అదీ లేదు. స్టోర్స్ నుంచి ఫోన్ చేసి, ఫలానా సరఫరాదారుకు ఈరోజే డబ్బు వేయకపోతే లారీలోంచి సరుకు దించడని చెబుతారు. బ్యాంకు వారు స్టాక్ స్టేట్‌మెంటు (సరుకు నిల్వల వివరం) గురించి అడుగుతారు. యజమాని గారు మధ్యాహ్నం వాట్సాప్‌లో ఒక నివేదిక కోరి, సాయంత్రానికి కావాలంటారు. పొద్దున రాసుకున్న పనుల జాబితాలో మొదటి రెండు పనులైనా సాయంత్రానికి పూర్తికాని రోజులే ఎక్కువ.

అత్యవసరం, ముఖ్యం అంటూ నాలుగు గళ్లు గీసుకుని పనులను పంచుకునే పద్ధతిని కొంతకాలం పాటించాను. మా విభాగంలో దాదాపు అన్ని పనులూ అత్యవసరమూ, ముఖ్యమూ అయిన ఒకే గడిలో పడ్డాయి కనుక దానివల్ల ఏది ముందో తేలలేదు. ఇలాంటి చిన్న విభాగాన్ని నడుపుతున్నవారు, నడిపినవారు, ఏ ఆధారంతో పనుల వరుస నిర్ణయించుకుంటున్నారో చెప్పగలరా? కొత్త ఉద్యోగిని తీసుకునే అవకాశం ఈ సంవత్సరం లేదని ముందే మనవి చేస్తున్నాను.

సమాధానం: టి.నగర్ పన్నుల సలహాదారు

మీరు చెప్పిన నాలుగు గళ్ల పట్టికకు మూలం అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో చేసిన ఒక ప్రసంగమని చెబుతారు. తనకు రెండు రకాల సమస్యలున్నాయనీ, అత్యవసరమైనవి ముఖ్యమైనవి కావనీ, ముఖ్యమైనవి ఎన్నడూ అత్యవసరం కావనీ ఒక కళాశాల మాజీ అధ్యక్షుడు అన్న మాటను ఆయన అందులో ఉదహరించారు. ఒక దేశాధ్యక్షుడి బల్ల మీదికి వచ్చే పనులకు ఆ విభజన సరిపోవచ్చు. చట్టం ముందే తేదీలు నిర్ణయించిన పద్దుల విభాగానికి అది సరిపోదు, ఎందుకంటే ఆ పట్టిక ప్రతి పనినీ అవునా కాదా అని మాత్రమే అడుగుతుంది. మీకు కావలసింది పరిమాణం. ఈ పని ఆలస్యమైతే నష్టం ఏ రోజున మొదలవుతుంది, ఎంత, ఎవరికి అన్నదే అసలు ప్రశ్న.

గడువున్న పనుల్లోనే చూడండి. లక్ష రూపాయల టీడీఎస్ 7వ తేదీకి బదులు 8న కడితే, కోత పెట్టిన నాటి నుంచి నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది, నెలలో కొంత భాగాన్నీ నెలగానే లెక్కిస్తారు. అందువల్ల ఒక్కరోజు ఆలస్యానికి సాధారణంగా రెండు నెలల వడ్డీ, అంటే 3,000 రూపాయలు చెల్లించవలసి వస్తుంది. అదే లక్ష రూపాయల జీఎస్టీని 3బీలో ఒకరోజు ఆలస్యంగా కడితే సంవత్సరానికి 18 శాతం చొప్పున ఆ రోజుకు సుమారు 49 రూపాయల వడ్డీ, దానిమీద 50 రూపాయల ఆలస్య రుసుము పడతాయి. రెండూ తప్పకూడనివే, నేను ఆలస్యం చేయమని చెప్పడం లేదు. కానీ ఒక సాయంత్రం రెండింటిలో ఒకదానికే చేతులు ఖాళీగా ఉంటే ఏది ముందో ఈ లెక్క చెబుతుంది.

జీఎస్టీఆర్-1 విషయంలో రుసుము చూసి మోసపోకూడదు. 11వ తేదీ దాటితే మీకు పడే రుసుము చిన్నదే, కానీ మీ కొనుగోలుదారుకు 14న తయారయ్యే 2బీలో (ఆయన తీసుకోగల క్రెడిట్ల పట్టికలో) మీ బిల్లు కనిపించదు. ఆ నెల ఆయనకు ఆ క్రెడిట్, అంటే కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు, అందదు, మీకు రావలసిన చెల్లింపును ఆయన ఆపవచ్చు. ఇక్కడ నష్టం చట్టం రాసిన రుసుములో లేదు, మీ వసూళ్లలో ఉంది.

ఇప్పుడు మీరు గడువు లేనివని చెప్పిన పనుల సంగతి. వాటికి గడువులు ఉన్నాయి, కాకపోతే అవి క్యాలెండరు మీద కాకుండా ఒక్కొక్క బిల్లు మీద విడివిడిగా ఉన్నాయి. సూక్ష్మ, చిన్న తరహా సంస్థగా ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు ఉన్న తయారీదారుకు గానీ సేవలు అందించేవారికి గానీ, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ గడువు దాటిన మొత్తాన్ని నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలి. అంటే మార్చి 31 నాటికి గడువు దాటి ఉన్న ప్రతి బిల్లూ ఆ ఏడాది మీ పన్నును పెంచుతుంది. అంబత్తూరులో మీకు పని చేసిపెట్టే చిన్న వర్క్‌షాపుల్లో ఎన్నింటికి ఉద్యమ్ నమోదు ఉందో మీ రిజిస్టరులో ఉన్నదా? లేకపోతే సరఫరాదారుల ఖాతాలు సరిచూసే పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.

అలాగే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు చెల్లించకపోతే తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో వదిలేసిన క్రెడిట్‌ను తరువాతి నవంబరు 30 దాటితే, లేదా వార్షిక రిటర్ను అంతకుముందే దాఖలైతే ఆ తేదీ దాటాక, ఇక తీసుకోలేరు. పాత బాకీలకు చట్టం గడువు పెట్టకపోయినా బ్యాంకు పెడుతుంది: 90 రోజులు దాటిన బాకీలను సాధారణంగా డ్రాయింగ్ పవర్ (బ్యాంకు అప్పులోంచి మీరు తీసుకోగల మొత్తం) లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి, వసూలు వెనకబడిన కొద్దీ మీరు వాడుకోగల నగదు తగ్గుతుంది.

నేను సూచించేది ఒక్కటే. మీ పనుల పట్టికలో ఇప్పుడున్న గడువు తేదీ పక్కన, నష్టం మొదలయ్యే తేదీ అని ఇంకొక నిలువు వరుస చేర్చండి. 180 రోజుల గడువు వచ్చే నెలలో ముగిసే బిల్లు, ఎవరూ ఫోన్ చేయకపోయినా, తనంతట తానే పైకి వస్తుంది.

సమాధానం: శ్రీపెరుంబుదూరు ప్లానింగ్

పై సమాధానం వరుస ఎలా పెట్టాలో చక్కగా చెప్పింది. కానీ వరుస ఎంత బాగా పెట్టినా, చేతిలోని సమయం మొత్తం ముందే నిండిపోయి ఉంటే పనులు కదలవు. నేను ఒక కర్మాగారంలో ఉత్పత్తి ప్రణాళిక చూస్తాను కనుక ఆ కోణంలో చెబుతాను.

పనులు ఎప్పుడు వస్తాయో, ఒక్కొక్కటి ఎంతసేపు పడుతుందో నిలకడ లేని చోట, మనిషి గానీ యంత్రం గానీ ఎంత శాతం నిండి ఉందన్నదాన్ని బట్టి వేచిచూసే సమయం పెరుగుతుంది. ఆ పెరుగుదల సమానంగా ఉండదు. క్యూల సిద్ధాంతంలోని సరళమైన నమూనా ప్రకారం, 50 శాతం నిండి ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన పని సగటున ఒక పని పట్టేంత సమయం వేచి ఉంటుంది. 80 శాతం దగ్గర అది నాలుగు రెట్లు, 90 దగ్గర తొమ్మిది రెట్లు, 95 దగ్గర పంతొమ్మిది రెట్లు అవుతుంది. 90 నుంచి 95కు పెరిగింది ఐదు శాతమే, నిరీక్షణ మాత్రం రెట్టింపుకు మించింది. మీ విభాగంలో జరుగుతున్నది ఇదేనని నా అభిప్రాయం. మీ వాళ్లు నెమ్మదిగా చేయడం లేదు, వారి దగ్గర ఖాళీ లేదు. కాబట్టి వారంలో ఐదోవంతు సమయానికి ముందుగా ఏ పనీ కేటాయించకండి. స్టోర్స్ నుంచి వచ్చే ఫోన్లు, బ్యాంకు అడిగే కాగితాలు ఎలాగూ దానిని నింపుతాయి.

రెండోది, జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సంబంధం. చేతిలో ఉన్న పనుల సగటు సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క పని సగటున ఎన్నిరోజులు మీ దగ్గర ఉంటుందో వస్తుంది. మీ సహాయకుడి బల్ల మీద ఎప్పుడూ 60 బిల్లులు ఉంటూ, రోజుకు 12 పూర్తవుతుంటే, ఒక బిల్లుకు సగటున ఐదు రోజులు పడుతుంది. ఎవరు ఫోన్ చేసినా చెప్పవలసిన నిజమైన జవాబు అదే. ఒకరి బిల్లును ముందుకు తెస్తే మరొకరిది వెనక్కి వెళుతుందే తప్ప సగటు మారదు. సగటు తగ్గాలంటే బల్ల మీదికి వచ్చేవి తగ్గాలి, లేదా రోజుకు పూర్తయ్యేవి పెరగాలి.

పూర్తయ్యేవి పెరగడానికి మా దగ్గర మొదట చూసేది డై (లోహ భాగానికి ఆకారమిచ్చే అచ్చు) మార్పు. ప్రెస్ మీద ఒక డై తీసి మరొకటి బిగించడానికి పట్టే సమయంలో ఒక్క భాగం కూడా తయారుకాదు, కనుక ఒకే డైతో చేయగలిగినవన్నీ ఒకసారే చేస్తాము. మీ సహాయకుడు బిల్లు ఎక్కించడం మధ్యలో ఆపి, బ్యాంకు సైటులోకి వెళ్లి, ఓటీపీ కోసం మీ దగ్గరకు వచ్చి, ఒక చెల్లింపు చేసి, మళ్లీ బిల్లు దగ్గరకు వెళితే పోయేది ఆ చెల్లింపు పట్టిన ఐదు నిమిషాలు మాత్రమే కాదు. అందుచేత సరఫరాదారుల చెల్లింపులకు వారంలో రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం అని నిర్ణయించి, కొనుగోలు విభాగం ద్వారా సరఫరాదారులందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి. తేదీ తెలిసినవాడు లారీ ఆపి బెదిరించవలసిన అవసరం చాలావరకు ఉండదు.

ఇంకొక మాట. ఏ పనికి ఎంత సమయం పడుతుందో ఊహించి రాయకండి. మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని, గత అనుభవం తెలిసి కూడా, తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చూపారు. గత మూడు నెలల్లో 3బీ తయారీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ట్యాలీ (పద్దుల సాఫ్ట్‌వేరు) లోని నమోదులు, మెయిళ్ల తేదీలు చూసి రాసుకుని ఆ సంఖ్యనే వాడండి. చట్టపు గడువులకు మూడురోజుల ముందు మీ సొంత గడువు పెట్టుకోవడం కూడా అవసరం. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందే చెన్నైని ముంచెత్తింది, అంబత్తూరు పారిశ్రామిక వాడలోనూ నీరు నిలిచింది. 7వ తేదీ టీడీఎస్ చలానును 4వ తేదీకి ముందే కట్టి ఉంచిన విభాగాలకు ఆ వారం ఒక చింత తగ్గినట్టే.

పెరంబూరు పద్దులు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బిల్లు వారీగా గడువులు చూడాలన్న మాట నాకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. రెండు చెల్లింపు రోజుల గురించి కొనుగోలు విభాగంతో మాట్లాడతాను. అయితే యజమాని గారి నుంచి వచ్చే పనుల విషయం మిగిలే ఉంది. ఆయన కోపిష్టి కారు, మా కష్టం తెలియనివారూ కారు. కానీ ఆయన అడిగినదాన్ని తరువాత చేస్తానని చెప్పడానికి నాకు నోరు రాదు. ఖాళీగా ఉంచమన్న ఐదోవంతు సమయాన్ని కూడా ఆయన కంటికి ఖాళీగా కనిపించనివ్వడం మా ఆఫీసులో కష్టం.

సమాధానం: మైలాపూరు విశ్రాంత కార్యదర్శి

అమ్మా, ఒక పెద్ద సంస్థలో అధికారుల దగ్గర కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. పైవారికి కాదని చెప్పడం గురించి చాలామంది చాలా సలహాలు ఇస్తారు. నా అనుభవంలో కాదని చెప్పవలసిన అవసరం అరుదుగానే వస్తుంది. పై అధికారికి మన బల్ల మీద ఏముందో కనిపించదు, కనిపించేటట్టు చేస్తే వరుస ఆయనే పెడతారు.

మీ చేతిలో ఆ రోజు ఉన్న పనులను, ఒక్కొక్కదానికి పట్టే సమయంతో సహా, అరపేజీలో రాసి ఉంచుకోండి. ఆయన కొత్త పని చెప్పినప్పుడు, "తప్పకుండా చేస్తానండి, ఇది సాయంత్రానికి కావాలంటే బ్యాంకుకు పంపవలసిన స్టేట్‌మెంటు రేపటికి వెళుతుంది, అలా చేయమంటారా?" అని అడగండి. ఇందులో ఎదురుచెప్పడం లేదు, నిర్ణయం తీసుకునే హక్కు ఎవరిదో వారికే ఇవ్వడం ఉంది. ఆయన చెప్పిన వరుసను అదే వాట్సాప్‌లో ఒక వాక్యంగా రాసి పంపండి. పదిసార్లలో ఎక్కువసార్లు రేపు ఇచ్చినా పరవాలేదనే అంటారు, ఎందుకంటే అడిగే సమయానికి అది ఎంతసేపటి పనో వారికి తెలియదు.

దీనికంటే మేలైనది అడగకముందే ఇవ్వడం. ఆయన ఇన్నాళ్లుగా అడిగిన నివేదికలను వరుసగా పేర్చి చూడండి. బ్యాంకు నిల్వ, ఈ వారం రావలసినవి, ఈ వారం చెల్లించవలసినవి, 90 రోజులు దాటిన బాకీలు, ఈ నెల అమ్మకం, వీటి చుట్టూనే తిరుగుతుంటాయని నా నమ్మకం. ప్రతిరోజూ పొద్దున పదింటికి ఆ ఐదు అంకెలను ఆయనకు పంపండి. మధ్యాహ్నపు సందేశాలు చాలావరకు తగ్గుతాయి, ఆ ఐదింటిలో పాత బాకీల అంకె ఉండటం వల్ల వసూలు పని కూడా రోజూ ఆయన కళ్ల ముందే ఉంటుంది. బాకీదారుకు మీరు పదిసార్లు ఫోన్ చేయడం కంటే ఆయన ఒక్కసారి చేయడం ఎక్కువ పనిచేస్తుందని మీకు తెలిసే ఉంటుంది.

ఐదోవంతు ఖాళీ విషయంలో ప్లానింగ్ వారితో నాకు కొంచెం భేదాభిప్రాయం ఉంది. యంత్రం ఖాళీగా ఉంటే యజమానులు సహిస్తారేమో గానీ మనిషి ఖాళీగా ఉండటం సహించరు. ఆ సమయంలో స్థిరాస్తుల రిజిస్టరు, ఒకరి పని మరొకరు నేర్చుకోవడం వంటి, మధ్యలో ఆపగలిగిన పనులు పెట్టండి. అత్యవసరం వస్తే వాటిని ఆపవచ్చు. ముఖ్యంగా పని నేర్పించడాన్ని ఏమాత్రం చిన్నచూపు చూడకండి. మీ ఇద్దరు సహాయకుల్లో ఒకరు పెళ్లికో జ్వరానికో సెలవు పెట్టిన నాడు మీ పట్టికలన్నీ దానిమీదే ఆధారపడతాయి.

సమాధానం: శ్రీపెరుంబుదూరు ప్లానింగ్

ఆపగలిగిన పనులతో ఆ సమయాన్ని నింపడం నాకూ సమ్మతమే, కానీ ఒక షరతు ఉండాలి. ఒక పనిని ఒకసారి వాయిదా వేయవచ్చు, అదే పనిని రెండోవారం కూడా వాయిదా వేయకూడదు. రెండోసారి వాయిదా వేయవలసి వస్తే అది ఆ వారం చెల్లింపులతో సమానమైన పనిగా మారాలి, దానికోసం మరొక పని ఆగాలి. ఈ షరతు లేకపోతే వారు మొదట చెప్పిన ఇబ్బందే కొత్త పేరుతో కొనసాగుతుంది. ఎన్నిసార్లు వాయిదా వేశారో పట్టికలో ఆ పని పక్కనే గీతలు పెట్టుకుంటే చాలు, వేరే సాఫ్ట్‌వేరు అక్కరలేదు.

సమాధానం: టి.నగర్ పన్నుల సలహాదారు

చెన్నైలో ఉన్నవారికి జనవరి గురించి ఒక సూచన. పొంగల్ సెలవులు 15వ తేదీ చుట్టూ వస్తాయి, కర్మాగారాలు కొన్నిరోజులు మూతపడతాయి, సహాయకులు ఊళ్లకు వెళతారు. డిసెంబరు నెల 3బీకి గడువు మాత్రం జనవరి 20గానే ఉంటుంది. 14న 2బీ తయారయ్యేవరకు క్రెడిట్ సరిచూడటం పూర్తిచేయలేము కాబట్టి మూడురోజుల ముందు గడువు అన్న నియమం ఆ నెలలో పనిచేయదు. కొనుగోలు బిల్లులన్నీ 10వ తేదీకే ట్యాలీలో ఎక్కించి, సరఫరాదారుల్లో ఎప్పుడూ ఆలస్యం చేసేవారికి వారి జీఎస్టీఆర్-1 గురించి 8, 9 తేదీల్లోనే గుర్తుచేసి, సెలవులకు ముందు పన్ను మొత్తాన్ని అంచనాగా లెక్కకట్టి, అంత నగదు బ్యాంకులో ఉండేటట్టు యజమాని గారికి చెప్పి ఉంచండి. సెలవుల తరువాత మిగిలేది 2బీతో పోల్చి, తేడాలు సరిచేసి దాఖలు చేయడమే. మీ ఇద్దరు సహాయకుల్లో ఎవరు ముందు తిరిగి వస్తారో డిసెంబరులోనే అడిగి రాసుకోండి, 2బీ పని ఆ ఒక్కరికైనా వచ్చి ఉండాలి.